శంకరన్ గారి కమిటీ ఏం సాధించింది?

మానేరు మాస్టారు:

తొమ్మిదో తరగతిలో శాంతి కోసం పనిచేసినవాళ్ళ పాఠం నడుస్తోంది. గాంధీ అయ్యారు, మండేలా అయ్యారు. వెనక బెంచీ పిల్ల లేచి "సార్, మన దగ్గర ఎవ్వరు లేరా?" అంది. ఎస్.ఆర్. శంకరన్ గారి గురించి చెప్పాను. రిటైరైన ఐఏఎస్. వెట్టిచాకిరి రద్దు కోసం పట్టుబట్టిన మనిషి. 1987లో తూర్పు గోదావరి గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఆయన్నీ, తోటి అధికారుల్నీ ఎత్తుకుపోయారు. పదేళ్ళ తర్వాత, 1997లో, అదే మనిషి కన్సర్న్‌డ్ సిటిజన్స్ కమిటీ కన్వీనర్‌గా అటు ప్రభుత్వానికీ ఇటు నక్సలైట్ల పార్టీ పీపుల్స్‌వార్‌కూ "ఈ చంపుకోవడాలు ఆపండి" అని ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. కమిటీలో ప్రొఫెసర్ హరగోపాల్, పత్రికా సంపాదకుడు పొత్తూరి వెంకటేశ్వరరావు లాంటివాళ్ళు. ఎవరి చేతిలోనూ అధికారం లేదు. ఆ ప్రయత్నాలే చివరికి 2004లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య చర్చలదాకా వెళ్ళాయి.

స్టాఫ్ రూమ్‌లో మా లెక్కల సారు నవ్వాడు. "చర్చలు మూడు నెలలకే బొక్కబోర్లా పడ్డయి గదా, పిల్లలకు ఓడిపోయినోళ్ళ కథ ఎందుకు?" అన్నాడు. నాకు వెంటనే జవాబు దొరకలేదు. మీరేమంటారు?

ఒంగోలు కుర్రాడు (ఇప్పుడు టెక్సాస్):

మీ లెక్కల సారు లెక్క కరెక్టే. మా నాన్న ప్రకాశం జిల్లాలో కానిస్టేబుల్. నల్లమల అంచు స్టేషన్‌లో డ్యూటీ పడితే అమ్మ రాత్రంతా వరండాలోనే కూర్చునేది. 2003 అక్టోబరులో అలిపిరి దగ్గర సాక్షాత్తూ ముఖ్యమంత్రి కారునే మందుపాతరలతో పేల్చారు. ఏడాది తిరిగేసరికి వాళ్ళనే రాజధానికి పిలిచి మర్యాదలు చేశాం. చర్చలు 2004 అక్టోబరు 15న మొదలు. సరిగ్గా ముందు రోజు పీపుల్స్‌వార్, ఉత్తరాది నక్సలైట్ల పార్టీ ఎంసీసీ కలిసిపోయి మావోయిస్టు పార్టీ అయ్యామని ప్రకటించారు. శాంతి కోసం వచ్చేవాడు బలం పెంచుకుని వస్తాడా? 2005 ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయనతో ఉన్నవాళ్ళను కాల్చేశారు. రెండు రోజులకి మావోయిస్టు పార్టీ మీద నిషేధం మళ్ళీ వచ్చింది. ఆంధ్రలో ఇది తగ్గించింది నక్సలైట్ల మీదకి పంపే ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్. పెద్దమనుషుల ఉత్తరాలు కాదు. మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా.

ఓరుగల్లు పాత గొంతు:

నేను వేరే వైపు నుంచి తిడతా. డాక్టర్ రామనాథం పిల్లల డాక్టరు, పౌరహక్కుల సంఘం నాయకుడు. 1985ల వరంగల్‌లో ఆయన దవాఖానలనే పోలీసోల్లు చంపేసిండ్రు. 2000ల హైదరాబాద్‌లో అదే సంఘం పురుషోత్తంను నరికిండ్రు. ఇంత జరుగుతుంటే "రెండు దిక్కుల హింస తప్పే" అని తక్కెడ పట్టుకొని నిలబడుడు ఏం న్యాయం? ప్రభుత్వం చేతిల చట్టం ఉంది, జైలు ఉంది, కోర్టు ఉంది. అడవిల ఉన్నోని చేతిల ఏముంది? తక్కెడ సమానంగా పట్టుకుంటే బరువున్నోనికే లాభం.

ఒంగోలు కుర్రాడు:

అడవిలో వాడి చేతిలో తుపాకీ ఉంది అన్నా. ఇన్‌ఫార్మర్ అని పేరు పెడితే విచారణా లేదు, అప్పీలూ లేదు.

నల్లకోటు:

ఇద్దరూ ఆగండి. "ఓరుగల్లు" గారడిగిన ప్రశ్న కొత్తది కాదు, మీ ఇంట్లోనే పుట్టింది. పౌరహక్కుల సంఘంలో ఏళ్ళ తరబడి పనిచేసిన బాలగోపాల్, విప్లవకారుల హింస గురించి కూడా మాట్లాడాలని పట్టుబట్టి, ఆ తేడాలతోనే 1998లో బయటికొచ్చి మానవ హక్కుల వేదిక పెట్టారు. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన మనిషి ఆయన. (మాస్టారూ, మీ సహోద్యోగికి ఈ సంగతి చెప్పండి.) అంతమాత్రాన పోలీసుల్ని వదల్లేదు. ఎన్‌కౌంటర్ జరిగిన ప్రతిసారీ ఎఫ్ఐఆర్ రాయాల్సిందేనని 2009లో హైకోర్టు తీర్పిచ్చిందంటే దాని వెనక ఆయన వాదన ఉంది. తర్వాత సుప్రీంకోర్టులో అది నిలబడలేదు, అది వేరే కథ.

నేను చెప్పేదేమిటంటే, రెండు వైపులా నేరాలు సమానమని ఎవరూ అనలేదు. ఇద్దర్నీ అడిగారు, అంతే. ఇద్దరికీ నచ్చలేదు. పోలీసు పెద్దలకి వీళ్ళు నక్సలైట్ల ముసుగు, అటువాళ్ళకేమో రాజ్యానికి మెత్తటి చెయ్యి.

గోదారి గట్టు:

గద్దర్ సంగతి ఎవరూ ఎత్తరేం? 1997 ఏప్రిల్‌లో ఒంట్లోకి బుల్లెట్లు దిగాయి, ఒకటి చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. అలాంటివాడు వరవరరావు గారితో కలిసి నక్సలైట్ల తరఫు రాయబారిగా వెళ్ళి సర్కారు మంత్రుల ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. పాట పాడేవాడు రాయబారం చేయడం మనకు మహాభారతం తర్వాత ఇదేనేమో.

నల్లకోటు:

మహాభారతంలో రాయబారం చేసినాయన పాట పాడలేదండీ, పిల్లనగ్రోవి ఊదాడు. ఆ రాయబారం కూడా ఫలించలేదు. అయినా రాయబారం చేసినందుకు ఎవరూ ఆయన్ని తప్పుపట్టలేదు.

పాలమూరు కోడలు:

రెండ్రోజుల సంది చదువుతున్న. అందరు నాయకుల గురించే రాస్తుండ్రు. మా పెద్దమామ సంగతి చెప్త.

మాది అచ్చంపేట దిక్కు. అడవి అంచు ఊరు. పగలు పోలీసోల్లు వచ్చి "రాత్రి ఎవరికి అన్నం పెట్టినవ్" అని కొట్టేది. రాత్రి అన్నలు వచ్చి "పగలు ఎవరితోటి మాట్లాడినవ్" అని అడిగేది. అడకత్తెరల పోకచెక్క అంటరే, గట్ల. మా మామకు మూడెకరాలు ఉండె. పట్టా లేదు. దున్నుకుంటుండ్రు గని కాగితం వేరేటోల్ల పేరు మీద. ఎమ్మార్వో ఆఫీసుకు పోతే మాట్లాడనియ్యరు, అన్నలకు చెప్పుకుంటె రేపు స్టేషన్‌కు పిలుస్తరు. ఎవలకు చెప్పుకున్నా తప్పే.

2004ల చర్చలకు వచ్చిన అన్నలను హైదరాబాద్‌ల మంజీరా గెస్ట్‌హౌస్‌ల పెట్టిండ్రు గదా. జనం దరఖాస్తులు పట్టుకొని లైన్లు కట్టిండ్రు. మా మామ గూడ బస్సెక్కి పోయిండు. పొద్దుగాల నిలబడితే మాపటికి దగ్గరికి పోయిండంట. లోపల తుపాకులోల్లు, గేటు కాడ పోలీసోల్లు, నడుమ ఈయన. ఎవ్వరు కొట్టలే. "బతుకుల మొదటిసారి పోలీసాయన నన్ను లైన్ల నిలబడు తాతా అన్నడు" అని చచ్చిపోయేదాక చెప్తుండె.

పట్టా అప్పుడు రాలే. అబద్ధం చెప్పను.

నల్లకోటు:

అమ్మా, మీ మామగారు నిలబడిన ఆ లైనుకి ఓ కొనసాగింపు ఉంది. చర్చల్లో పెద్ద అంశం భూమే. ఆ ఏడాది డిసెంబరులోనే ప్రభుత్వం కోనేరు రంగారావు గారి అధ్యక్షతన భూమి కమిటీ వేసింది. 2006లో 104 సిఫార్సులతో నివేదిక వచ్చింది. పేదలకు సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూములు ఎలా చేతులు మారాయో, పేదవాడి పేరు రికార్డులోకి ఎందుకు ఎక్కదో అందులో ఉంది. నేను ఇప్పటికీ కోర్టులో వాడుతుంటాను. చర్చలు జరగకపోతే ఆ కమిటీ అప్పుడు పడేదా అంటే, నా అనుమానం పడేది కాదనే.

ఒంగోలు కుర్రాడు:

సరే, పాలమూరు అక్కా, మీ మామయ్యగారి మాట దగ్గర నేను ఆగిపోయాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఆయుధాలు పట్టుకు తిరగడం దగ్గర పీటముడి పడింది. సర్కారు వదిలేయమంది, వాళ్ళు వదిలేది లేదన్నారు. 2005 జనవరిలో అంతా అయిపోయింది. ముడి పడేది అక్కడేనని కమిటీకి ముందే తెలీదా?

ఓరుగల్లు పాత గొంతు:

తెలుసు. తెలిసే కూసున్నరు. నేను కమిటీని తిట్టిన, ఇంకా తిడత. గని 2025 ఎండకాలం ఛత్తీస్‌గఢ్ సరిహద్దు కర్రెగుట్టల చుట్టూ మావోయిస్టుల కోసం బలగాలు మోహరించినప్పుడు మళ్ళా "చర్చలు" అనే మాట ఎవరి నోట్ల నుంచి వచ్చిందో చూసిన. హరగోపాల్ సారు ఆ వయసుల మళ్ళా తిరిగిండు. ఇరవై ఏండ్ల కింద తప్పు అన్న మాట అప్పుడు నాకు తప్పనిపించలే. శంకరన్ సారు ఉంటే బాగుండు అనిపించింది. ఆయన 2010లనే పోయె.

మానేరు మాస్టారు:

అందరికీ దండాలు. మా లెక్కల సారుకు ఇదంతా చదివి వినిపించాను. బాలగోపాల్ లెక్కల మనిషని తెలిశాక కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆయనే ఒకటి చెప్పాడు. వాళ్ళ ఊరికి నైట్ హాల్ట్ బస్సు ఏళ్ళకేళ్ళు బందైందట. 2004 వానాకాలం, చర్చల కోసం కాల్పులు ఆగాక, మళ్ళీ వచ్చింది. డ్రైవర్, కండక్టర్ రాత్రి స్కూలు వరండాలో పండుకునేవాళ్ళట. ఆయన అప్పుడు ఇంటర్. పొద్దున ఐదింటి బస్సుకు కాలేజీకి పోయేవాడు.

"ఎన్నాళ్ళు నడిచింది?" అని అడిగాను.

"సంక్రాంతి దాకా సార్. ఆ తర్వాత మళ్ళా సైకిలే."

సోమవారం ఆ పిల్లకు ఈ బస్సు సంగతి ఆయన్నే వచ్చి చెప్పమన్నాను. సిలబస్ అయిపోలేదు, చూద్దాం అన్నాడు.