ఐలాక్ ప్లగ్ వంగిపోయింది, లైసెన్స్‌లన్నీ అందులోనే ఉన్నాయి, ఏం చేయాలి?

అరండల్‌పేట రికార్డింగ్:

అందరికీ నమస్కారం. గుంటూరు అరండల్‌పేటలో చిన్న స్టూడియో నడుపుతున్నాను. ఎక్కువగా భక్తి పాటలు, చర్చి ఆల్బమ్‌లు, అప్పుడప్పుడు జానపదాలు, షార్ట్ ఫిల్మ్‌లకి రీరికార్డింగ్. ఇప్పుడు క్రిస్మస్ ఆల్బమ్‌ల సీజన్, రాత్రి రెండింటి దాకా సెషన్లు నడుస్తున్నాయి. నిన్న తెనాలి నుంచి వచ్చిన కోయిర్ వాళ్లు హెడ్‌ఫోన్లు పంచుకుంటూ అటూ ఇటూ జరుగుతుంటే చక్రాల కుర్చీ ఒకటి వెళ్లి సీపీయూ ముందు భాగానికి కొట్టుకుంది. సరిగ్గా అక్కడే ఐలాక్ పెట్టి ఉంది, అంటే సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌లు దాచే చిన్న యూఎస్‌బీ డాంగుల్, పాత ప్లాస్టిక్ మోడల్, ఐలాక్ 2. యూఎస్‌బీ ప్లగ్ రేకు పక్కకి వంగి, బాడీకీ దానికీ మధ్య గోరు పట్టేంత సందు వచ్చింది. ఎడమ పక్కకి నొక్కి పట్టుకుంటే లైట్ వెలుగుతోంది, వదిలితే ఆరిపోతోంది. కోయిర్ పాడుతున్నంత సేపూ మా అసిస్టెంట్ కుర్రాడు కింద కూర్చుని దాన్ని వేలితో పట్టుకున్నాడు, అలా సెషన్ గట్టెక్కింది.

అందులో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ప్రో టూల్స్ లైసెన్స్ ఉంది, శబ్దానికి మెరుగులు దిద్దే కంప్రెసర్లు, రివర్బ్‌లు, ఏళ్ల తరబడి ఆఫర్లు వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటిగా కొనుక్కున్న ప్లగిన్‌లు ఉన్నాయి. అన్నీ కలిపితే నా కంప్యూటర్ ధర కంటే ఎక్కువే అవుతుంది. అన్నీ డబ్బు కట్టి కొన్నవే.

ఇంకో టెన్షన్ ఏంటంటే, పాత ప్రాజెక్టులన్నీ క్యూబేస్ 10.5 అనే ఇంకో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి, దానికి వేరే డాంగుల్, యూఎస్‌బీ ఇ-లైసెన్సర్. అది ప్రస్తుతానికి బాగానే ఉంది కానీ ఆ సర్వర్లు మూసేశారంటున్నారు. రేపు అది కూడా పోతే నా పరిస్థితి ఏంటి? పైగా మిక్సింగ్‌కి విజయవాడలో ఫ్రెండ్ స్టూడియోకి వెళ్లినప్పుడల్లా ఈ రెండు డాంగుల్స్ జేబులో పెట్టుకుని బస్సెక్కుతాను, పండిట్ నెహ్రూ బస్టాండు రద్దీలో దిగేటప్పుడు చెయ్యి జేబు మీదే ఉంటుంది. లైసెన్స్‌లన్నీ కంప్యూటర్‌లోకే మార్చేసుకుంటే మంచిదా, క్లౌడ్ మంచిదా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

బెజవాడ మిక్స్:

అన్నా, ముందు ఒక పని. ఆ ప్లగ్‌ని కటింగ్ ప్లేయర్ పెట్టి సాపు చేయాలని మాత్రం చూడకండి. లోపల బోర్డు మీద నాలుగు కాళ్లతో సోల్డర్ చేసి ఉంటుంది, ఒక్క కాలు ఊడినా ఇప్పుడు వెలుగుతున్న లైట్ కూడా వెలగదు. గవర్నర్‌పేటలో ఏ షాపులో అడిగినా దొరికే చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చి, డాంగుల్‌ని దానికి పెట్టి, లైట్ వెలిగే కోణంలో టేబుల్ మీద పడుకోబెట్టి టేపు వేసేయండి. దానిమీద బరువు గానీ లాగుడు గానీ పడకూడదు.

లైట్ నిలకడగా ఉందనుకున్న మరుక్షణం ఐలాక్ లైసెన్స్ మేనేజర్ తెరిచి, సింక్రనైజ్ చేసి, అందులో ఉన్నవన్నీ బయటికి తీసేయండి. పాటలు తర్వాత. డాంగుల్‌లో ఉన్న యాక్టివేషన్‌ని ఇంకో చోటికి మార్చాలంటే ఆ డాంగుల్ పెట్టి ఉండి, కంప్యూటర్‌కి కనపడాలి. పూర్తిగా చచ్చిపోయాక అకౌంట్‌లో పేర్లు కనపడతాయే తప్ప మన చేతిలో ఏమీ ఉండదు.

ఎక్కడికి మార్చాలి అంటే మూడు చోట్లున్నాయి: ఇంకో ఐలాక్, కంప్యూటర్, క్లౌడ్. ఏ లైసెన్స్ ఎక్కడ పెట్టుకోవచ్చు అన్నది దాన్ని తయారు చేసిన కంపెనీ ఇష్టం, మనది కాదు. లైసెన్స్ మీద క్లిక్ చేసి వివరాలు చూస్తే ఏ చోట్లకి అనుమతి ఉందో అక్కడే రాసి ఉంటుంది. ప్రో టూల్స్ క్లౌడ్‌కి వెళ్తుంది. సౌండ్‌టాయ్స్ ప్లగిన్‌ల లాంటివి కంప్యూటర్ మీదే పెట్టుకోవచ్చు, డాంగుల్ అక్కర్లేదు. కొందరు ఒక లైసెన్స్‌కి రెండేసి యాక్టివేషన్లు ఇస్తారు, అవి ఉంటే ఒకటి గుంటూరు సిస్టమ్‌లో, ఒకటి మీరు విజయవాడ తెచ్చే లాప్‌టాప్‌లో వేసుకోండి, బస్సులో బెంగ సగం తగ్గిపోతుంది.

క్లౌడ్ గురించి మాత్రం ఆలోచించి దిగండి. పని చేస్తున్నంత సేపూ నెట్ ఉండాలి, ఒక అకౌంట్‌కి ఒకసారి ఒక సెషనే. అంటే మీరు ఇక్కడ మా ఊళ్లో మిక్స్ చేస్తుంటే అక్కడ మీ కుర్రాడు వోకల్స్ తీయడం కుదరదు. కరెంటు పోయినప్పుడు సిస్టమ్ యూపీఎస్ మీద నడుస్తుంది కానీ రూటర్ ఆగిపోతుంది చాలామంది దగ్గర. క్లౌడ్ పెట్టుకునేవాళ్లు రూటర్‌నీ, ఫైబర్ బాక్స్‌నీ కూడా ఇన్వర్టర్ లైన్‌లోకి మార్చుకోవాలి. సింగర్ టేక్ మధ్యలో ఉండగా స్క్రీన్ మీద లైసెన్స్ లేదని బాక్స్ వస్తే ఆ మూడ్ మళ్లీ రాదు.

కంప్యూటర్‌లో పెట్టుకుంటే ఆ బాధ లేదు. ఇంకో బాధ ఉంది, విండోస్ మళ్లీ ఎక్కించే ముందు, మదర్‌బోర్డు మార్చే ముందు గుర్తుపెట్టుకుని డీయాక్టివేట్ చేయాలి. హార్డ్‌డిస్క్ ఉన్నట్టుండి పోతే మళ్లీ ఒక్కో కంపెనీకి మెయిల్ పెట్టుకుంటూ కూర్చోవాలి.

నా సలహా అయితే కొత్త ఐలాక్ ఒకటి కొనేయండి. ఐలాక్ 3 మెటల్ బాడీతో వస్తుంది, కుర్చీ తగిలితే ఇంత తేలిగ్గా వంగదు. 50 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది, ఇక్కడ డీలర్ దగ్గర తీసుకుంటే ఇంకాస్త ఎక్కువ పడొచ్చు. దాంతో పాటు జీరో డౌన్‌టైమ్ అని ఒక కవరేజ్ ఉంటుంది, ఏడాదికి దాదాపు 30 డాలర్లు. డాంగుల్ పోయినా, పాడైనా, ఎవరైనా కొట్టేసినా వెంటనే తాత్కాలిక లైసెన్స్‌లు ఇస్తారు, కొత్తది వచ్చేదాకా పని ఆగదు. కానీ అది ముందే తీసుకుని ఉండాలి, పోయాక తీసుకుంటే పనికిరాదు. సీజన్‌లో ఒక్క రోజు స్టూడియో మూసుకుంటే పోయే డబ్బు కంటే ఇది చాలా తక్కువ. ముందు భాగంలో మాత్రం పెట్టకండి, సీపీయూ వెనక పోర్టులో పెట్టండి.

ట్యూన్ కుర్రోడు:

నాకు ఇదంతా చూస్తుంటే కోపం వస్తోంది. డబ్బులు కట్టిన మనిషి వేలితో డాంగుల్ పట్టుకుని కూర్చోవాలా? క్రాక్, అంటే లైసెన్స్ తాళం పగలగొట్టిన కాపీ, వేసుకున్నవాడికి ఈ బాధ ఏదీ లేదు, హాయిగా పని చేసుకుంటున్నాడు. అన్న అన్నీ కొన్నాడు కదా, బిల్లులు ఉన్నాయి కదా. కొన్న సాఫ్ట్‌వేర్‌కే క్రాక్ వేసుకుంటే తప్పేంటి?

కొత్తపేట సౌండ్:

తమ్ముడూ, నీ కోపంలో న్యాయం ఉంది. డాంగుల్ అనేది కొనని వాడిని ఆపడానికి పుట్టింది, చివరికి దాన్ని మోసేది కొన్నవాడే. ఇది ఇవాళ్టిది కూడా కాదు. 1989లో అటారీ కంప్యూటర్ మీద క్యూబేస్ వచ్చినప్పుడే కార్ట్రిడ్జ్ పోర్టులో డాంగుల్ పెడితే తప్ప తెరుచుకునేది కాదు. 2013 జూన్‌లో ఐలాక్ వాళ్లు కొత్త లైసెన్స్ మేనేజర్‌కి మారినప్పుడు సర్వర్లు రోజుల తరబడి మొరాయించి, డబ్బు కట్టినవాళ్లు ప్రపంచమంతా పనులాపుకుని కూర్చున్నారు. కస్టమర్‌కి జవాబుదారీగా ఉండాల్సింది కంపెనీలే, ఆ మాట మనం గట్టిగా అడగాలి.

కానీ క్రాక్ దగ్గర నేను నీతో ఒప్పుకోను. బిల్లు ఉన్నంత మాత్రాన ఎవరో తాళం పగలగొట్టి పెట్టిన కాపీ మనది అయిపోదు. కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి ప్రకారం అక్రమ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. వ్యాపారానికి కాకుండా సొంతానికి వాడితే కోర్టు జైలు లేకుండా వదిలిపెట్టే వీలుంది, స్టూడియో నడిపేవాళ్లకి ఆ వెసులుబాటు అడగడానికే లేదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ క్రాక్ ఫైల్‌ని నడపాలంటే యాంటీవైరస్ ఆపమంటారు, అడ్మిన్ పర్మిషన్ ఇమ్మంటారు. ఆ సిస్టమ్‌లో ఏముంది? పాస్టర్ గారు నమ్మి ఇచ్చిన ఇంకా విడుదల కాని పాటలు, కోయిర్ పిల్లల గొంతులు, నీ బ్యాంకు పాస్‌వర్డ్‌లు. ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ ఒక్కటి చాలు మొత్తం పోవడానికి. పైగా క్రాక్ వేసిన వెర్షన్ అక్కడే ఆగిపోతుంది, ప్రాజెక్టు హైదరాబాద్‌లో ఇంకో ఇంజినీర్‌కి పంపితే అక్కడ కొత్త వెర్షన్‌లో సెట్టింగ్‌లు సరిగా తెరుచుకోక వాళ్లు తల పట్టుకుంటారు.

డాంగుల్ ఇష్టం లేకపోతే డాంగుల్ లేనివాటికి డబ్బు పెట్టు, అది కంపెనీలకి అర్థమయ్యే భాష. లాజిక్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఒకప్పుడు ఎక్స్ఎస్‌కీ అని డాంగుల్ ఉండేది, 2007లో లాజిక్ 8తో ఆపిల్ వాళ్లు దాన్ని తీసేశారు, లాజిక్‌కి ఏ నష్టమూ రాలేదు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ని 60 రోజులు పూర్తిగా వాడి చూసుకోవచ్చు, చిన్న స్టూడియోలకి లైసెన్స్ 60 డాలర్లు, ఒక చిన్న కీ ఫైల్, అంతే. ప్లగిన్‌లు చేసే వేవ్స్ వాళ్ల లైసెన్స్‌ని మామూలు పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టుకోవచ్చు.

ఇక అరండల్‌పేట వారి క్యూబేస్ సంగతి. మీరు విన్నది నిజమే, ఇ-లైసెన్సర్ సేవలు 2025 మే 20తో ఆగిపోయాయి. డాంగుల్‌లో ఇప్పటికే ఉన్న లైసెన్స్ పని చేస్తూనే ఉంటుంది, అంతవరకు కంగారు లేదు. అయితే ఆ డాంగుల్ విరిగినా పోయినా అందులోని లైసెన్స్‌ని ఇంకో డాంగుల్‌లోకి తిరిగి తెప్పించే దారి లేదు. అందుకని దాన్ని బస్సులో తిప్పడం ఇవాళే మానేయండి. క్యూబేస్ 12 నుంచి డాంగుల్ లేదు, దాన్ని చేసే స్టైన్‌బర్గ్ కంపెనీ అకౌంట్‌తో మూడు కంప్యూటర్ల దాకా యాక్టివేట్ చేసుకోవచ్చు, ఒకసారి చేశాక రోజూ నెట్ అడగదు. డాంగుల్ మీద నడిచే ఆఖరి క్యూబేస్ 11. పాత ప్రాజెక్టులు కొత్తదాంట్లో తెరుచుకుంటాయి, కానీ వాటిలో ఇప్పుడు ఎవరూ పట్టించుకోని పాత ప్లగిన్‌లు గానీ, సింథ్‌లు (కీబోర్డు శబ్దాలిచ్చే ప్లగిన్‌లు) గానీ ఉంటే ఆ ట్రాకులు మూగబోవచ్చు. ఆ జాగ్రత్త ఇప్పుడే చూసుకోవాలి.

అరండల్‌పేట రికార్డింగ్:

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్ అండీ. బెజవాడ మిక్స్ గారు చెప్పినట్టే ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెట్టి టేపు వేశాక లైట్ కదలకుండా నిలబడింది. అలా ఉండగానే దాదాపు అన్నీ కంప్యూటర్‌లోకి లాగేశాను, ప్రో టూల్స్ క్లౌడ్‌కి వెళ్లింది, రూటర్‌కి కూడా ఇన్వర్టర్ నుంచి వైరు లాగించాను. ఒక్క రివర్బ్ మాత్రం డాంగుల్‌లో తప్ప ఉండనంటోంది. కొత్త ఐలాక్ ఆర్డర్ పెట్టాను, రాగానే అందులోకి మారుస్తాను, అప్పటిదాకా ఆ రివర్బ్ వేసిన ట్రాకులు ఫ్రీజ్ చేసి (ఎఫెక్ట్‌తో సహా ఆడియోగా మార్చి) పని నడిపిస్తున్నాను.

తమ్ముడూ, నువ్వు నా తరఫున కోప్పడ్డావు, సంతోషం. కానీ నా పాటని ఎవడో డబ్బివ్వకుండా యూట్యూబ్‌లో వేసుకుంటే నేను ఊరుకోను, మరి వాళ్ల పనిని నేనెలా అలా తీసుకుంటాను?

క్యూబేస్ కొత్త వెర్షన్‌కి మాత్రం ఇప్పుడు డబ్బులు పెట్టలేను, సీజన్ అయ్యాక చూస్తాను. ఈలోపు పాత ప్రాజెక్టుల్ని ఎలా కాపాడుకోవాలి? అందులో ఇప్పుడు లేని పెద్దవాళ్లు పాడిన పాటలు కూడా ఉన్నాయి.

బెజవాడ మిక్స్:

అలాంటివి ఉంటే ఆలస్యం చేయకండి అన్నా, ఆ ఇ-లైసెన్సర్ పని చేస్తున్న రోజుల్లోనే ప్రతి ప్రాజెక్టునీ డబ్ల్యూఏవీ ఫైళ్లుగా బయటికి తీయండి. ఎక్స్‌పోర్ట్ ఆడియో మిక్స్‌డౌన్‌లో ఒక్కో ట్రాకు విడిగా వచ్చే ఆప్షన్ ఉంది, లెఫ్ట్ లొకేటర్ (ఎక్స్‌పోర్ట్ ఎక్కడ మొదలవ్వాలో చూపే గుర్తు) ప్రాజెక్టు మొదట్లో సున్నా దగ్గర పెట్టి అన్నీ అక్కడి నుంచే తీయండి, అప్పుడు రేపు ఏ సాఫ్ట్‌వేర్‌లో పడేసినా ఒకదాని కింద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. 24 బిట్ చాలు, శాంపిల్ రేట్ ప్రాజెక్టులో ఎంతుందో అంతే ఉంచండి. వోకల్స్ మాత్రం రెండు రకాలుగా తీయండి, ఎఫెక్ట్‌లతో ఒకటి, ఏమీ లేకుండా ఒకటి. ఎఫెక్ట్‌తో ఉన్నది ఆ రోజు మీరు చేసిన మిక్స్‌ని నిలబెడుతుంది, వట్టిది ఉంటే పదేళ్ల తర్వాత కొత్తగా మిక్స్ చేయొచ్చు.

కీబోర్డు ట్రాకులకి మిడి ఫైలు (ఏ స్వరం ఎప్పుడు వాయించారో ఉండే ఫైలు) వేరుగా తీయండి. ఫోల్డర్ పేరులోనే టెంపో, శ్రుతి, పాడినవారి పేరు రాసేయండి, ఎందుకంటే ప్రాజెక్టు ఫైలు తెరుచుకోని రోజున ఆ వివరాలు ఎక్కడా కనపడవు. రెండు హార్డ్‌డిస్క్‌లలో పెట్టి ఒకటి స్టూడియోలో, ఒకటి ఇంట్లో ఉంచండి. ముందు ఇప్పుడు లేనివాళ్లు పాడిన ప్రాజెక్టులతో మొదలుపెట్టండి, డెమోలు, ట్రాక్ మ్యూజిక్ అవన్నీ సీజన్ అయ్యాక తీరిగ్గా చేసుకోవచ్చు. ఎక్స్‌పోర్ట్ అయ్యాక కొత్త ఖాళీ ప్రాజెక్టులోకి ఆ ఫైళ్లన్నీ లాగి ఒక్కసారి మొత్తం విని చూసుకోండి, పేరు మాత్రమే ఉండి లోపల ఏమీ లేని ఫైళ్లు ఒకటో రెండో తప్పకుండా తగులుతాయి.