పెళ్లి నగలు: మూడు సెట్ల మధ్య ఎటూ తేలడం లేదు, చెప్పండి

పెళ్లికూతురి అక్క:

అందరికీ నమస్కారం. మా చెల్లి పెళ్లికి ఇంకా రెండు నెలలే ఉంది. నగల దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో మూడు పార్టీలుగా చీలిపోయాం. అమ్మ 22 క్యారెట్ల బంగారు హారం చూసి పెట్టింది. కెంపులు, పచ్చలు పొదిగి ఉంటాయి, అంచున ముత్యాలు వేలాడుతుంటాయి. దానికి జతగా పెద్ద బుట్టలు. చెల్లి మనసు 18 క్యారెట్ల తెల్ల బంగారంలో వజ్రాల నెక్లెస్ మీద ఉంది. నేనేమో బంగారు పూత సెట్ చాలంటున్నాను. ఒక్క రోజు పెట్టుకుని బీరువాలో దాచేదానికి ఇంత గొడవెందుకు అని నా బాధ.

ఇంకో సంగతి. చెల్లి చర్మం చాలా సున్నితం. కాలేజీలో ఉండగా ఫ్యాన్సీ దిద్దులు పెట్టుకుంటే రెండో రోజుకే చెవులు వాచి రసి కారింది. ఏది తీసుకోమంటారు? తీసుకున్నాక ఎలా చూసుకోవాలి?

నగలు బాగుచేసే పనివాడు:

అమ్మా, నేను నగలు అమ్మేవాణ్ని కాదు. విరిగినవి, తెగినవి, రాళ్లు ఊడినవి బాగుచేసేవాణ్ని. కొనేవాళ్లు నగను ముందు నుంచి చూస్తారు, నేను వెనక నుంచి చూస్తాను. మీరూ ఆ సెట్లన్నిటినీ ఒకసారి బోర్లా తిప్పండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. వెనక అంచులు గరుకుగా ఉన్నాయేమో వేలితో కాదు, పలచటి గుడ్డతో చూడండి. పాత చున్నీ అంచు దాని మీద మెల్లగా లాగితే పోగు లేచిందా, పెళ్లి బట్టల మీదా లేస్తుంది. కొక్కేన్ని హారానికి కలిపే చిన్న రింగు చూడండి. ఎంత బరువైన హారమైనా ఆ రింగు మీదే ఆధారపడి ఉంటుంది, నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ అక్కడ తెగినవే. నగను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపండి. టిక్కుటిక్కుమని వినపడితే ఏదో రాయి వదులుగా ఉన్నట్టే.

తర్వాత అడగాల్సింది, ఈ నగలో అన్నిటికన్నా మెత్తనిది ఏది అని. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే ఖనిజ శాస్త్రవేత్త గట్టిదనానికి 1 నుంచి 10 దాకా ఒక వరస పెట్టాడు. ఇప్పటికీ మా లెక్క అదే. వజ్రం 10, కెంపు 9, పచ్చ ఏడున్నర నుంచి 8. ముత్యం మాత్రం రెండున్నర నుంచి నాలుగున్నర లోపే. మామూలు దుమ్ములో ఉండే ఇసుక రేణువు 7. అంటే దుమ్ము పట్టిన ముత్యాన్ని పొడిగుడ్డతో గట్టిగా రుద్దినా దాని నిగారింపు పోతుంది. మీ అమ్మగారు చూసిన హారంలో కెంపులున్నాయి కదా, గట్టివే కదా అనుకోవద్దు. అది ముత్యాల నగ కిందే లెక్క. ఎన్ని కెంపులున్నా దాన్ని ముత్యాన్ని చూసుకున్నట్టే చూసుకోవాలి.

పచ్చల సంగతి ఇంకోలా ఉంటుంది. అవి గట్టివే గానీ పెళుసు, పుట్టుకతోనే లోపల సన్నటి పగుళ్లుంటాయి. ఆ పగుళ్లు కనపడకుండా నూనెగానీ రెజిన్‌గానీ పట్టిస్తారు. ఇది మోసం కాదు, ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. కొనేవాళ్లకి చెప్పకపోతేనే మోసం. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక పచ్చల ఉంగరాన్ని తళతళలాడిద్దామని అల్ట్రాసోనిక్ మెషిన్‌లో, అంటే శబ్ద తరంగాలతో నగలు కడిగే యంత్రంలో వేశాను. తీసి చూస్తే రాయి నిండా తెల్లటి గీతలు, లోపలి నూనె కాస్తా పోయింది. ఆ ఉంగరం ఇచ్చినావిడ ఒక్క మాట కూడా అనలేదు, చూసి ఊరుకుంది. తిట్టినా బాగుండేది. వేడినీళ్లు, ఆవిరి, స్పిరిట్, నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం, వీటిలో ఏదీ పచ్చల దగ్గరికి రానివ్వకండి. కెంపుల్లోనూ కొన్నింటికి పగుళ్లలో సీసం కలిసిన గాజు నింపుతారు. అలాంటివాటిని నిమ్మరసం లాంటి పులుపు కూడా పాడుచేస్తుంది. అందుకే రాయికి ఏ ట్రీట్‌మెంట్ జరిగిందో నోటిమాటగా వినొద్దు, బిల్లు మీద రాయించుకోండి.

తూకం దగ్గర రెండు బరువులు అడగండి: మొత్తం బరువు, అందులో ఉత్త బంగారం బరువు. రాళ్లు, ముత్యాలు, లోపల లక్క నింపి ఉంటే ఆ లక్క, ఇవేవీ బంగారం రేటుకి కట్టకూడదు. క్యారెట్ అన్న మాటతో చాలామంది తికమకపడతారు. రాళ్లకి అది బరువు, 5 క్యారెట్లు ఒక గ్రాము. బంగారానికి అది మేలిమి. 22 క్యారెట్లంటే వెయ్యి పాళ్లలో సుమారు 916 పాళ్లు బంగారం, 18 అంటే 750. 22 మెత్తగా ఉంటుంది, రాయిని పట్టి ఉంచే సన్నటి గోళ్లు తొందరగా వంగుతాయి. వజ్రాలు ఎక్కువగా 18లో కట్టేది అందుకే. మీ చెల్లి కోరిక అర్థం లేనిదేం కాదు.

కిందటేడు పెళ్లయినామె:

అక్కా, వారు తూకం బరువు చెప్పారు. నేను చెవుల బరువు చెప్తాను. షాపులో రెండు నిమిషాలు అద్దంలో చూసుకుని బుట్టలు తీసేసుకున్నాను. పెళ్లి రోజు మూడు గంటలు గడిచేసరికి చెవి తమ్మెలు మంటలు పుట్టాయి. ఫొటోల్లో చూస్తే రంధ్రాలు గీతల్లా సాగి ఉన్నాయి, నవ్వు కూడా బలవంతపు నవ్వే. చెల్లిని ఆ బుట్టలు ఇంట్లో కనీసం ఒక గంట పెట్టుకుని తిరగమనండి. తల వంచి, పక్కకి తిప్పి, ఎవరినైనా కౌగిలించుకుని చూడమనండి. బరువు జుట్టుకి పట్టేలా మాటీలు పెట్టించుకుంటే చాలా తేడా ఉంటుంది. నాకా ఆలోచన పెళ్లయ్యాక వచ్చింది!

ఇంకోటి, నగను కిటికీ దగ్గర పగటి వెలుగులో చూడండి. షాపు లైట్ల కింద గాజుముక్క కూడా వజ్రంలా మెరుస్తుంది.

పెళ్లికూతురి అక్క:

థ్యాంక్సండీ ఇద్దరికీ. చర్మం సంగతి ఎవరూ చెప్పలేదు. బంగారమైతే పడుతుందా? పూత సెట్ నాకు ఇంకా వదలబుద్ధి కావడం లేదు.

నగలు బాగుచేసే పనివాడు:

మీ చెల్లికి అప్పుడు పడనిది బహుశా నికెల్ అయ్యుంటుంది. చౌక దిద్దుల్లో ఎక్కువగా కనపడే లోహం అదే. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, కాబట్టి చర్మం డాక్టరుకి ఒకసారి చూపించి ఖాయం చేసుకోండి. పరీక్ష చిన్నదే, వీపు మీద పట్టీలు అంటించి రెండు మూడు రోజులయ్యాక చూస్తారు. పెళ్లికి ముందే చేయించండి.

22 క్యారెట్లలో మామూలుగా కలిపేది రాగి, వెండి, కాబట్టి ఆవైపు భయం తక్కువ. తెల్ల బంగారంతోనే జాగ్రత్త. పసుపు బంగారాన్ని తెల్లబరచడానికి కొందరు నికెల్ కలుపుతారు, కొందరు పల్లాడియం అనే తెల్లటి లోహం కలుపుతారు. పైన రోడియం అనే మెరిసే లోహపు పూత ఉంటుంది, అది ఉన్నన్నాళ్లు ఏమీ కాదు. అరిగాక దురద మొదలవుతుంది. అప్పటిదాకా బాగున్న నెక్లెస్ ఇప్పుడెందుకు పడటం లేదని వచ్చేవాళ్లది ఎక్కువగా ఇదే కథ. పల్లాడియం కలిపినదే కావాలని ముందే అడగండి.

పూత సెట్‌కి మెరుపు కాదు, పూత మందం అడగాలి. దాన్ని మైక్రాన్లలో చెప్తారు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అర మైక్రాన్ కంటే తక్కువుంటే చెమట, రాపిడి తగిలేచోట తొందరగా లోపలి ఇత్తడి బయటపడుతుంది. అడిగితే చెప్పలేని దుకాణంలో పూత నగ కొనొద్దు. పూత కింద నికెల్ పొర వేయడం మామూలే, అందుకని మీ చెల్లి చెవులకి మాత్రం అసలే వద్దు. యూరప్‌లో చెవి కుట్టులో దూరే శీల వారానికి చదరపు సెంటీమీటరుకి 0.2 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ నికెల్ వదలకూడదని నిబంధన ఉంది. ఇంట్లో చూసుకోవాలంటే నికెల్ టెస్ట్ కిట్లు దొరుకుతాయి. దూదికి రెండు చుక్కలు వేసి లోహం మీద రుద్దితే, నికెల్ ఉంటే దూది గులాబీ రంగుకి తిరుగుతుంది.

ఇంకో సభ్యురాలు:

ఇంత హంగామా అక్కర్లేదండీ. నేను ఇరవై ఏళ్లుగా నగలన్నీ టూత్‌పేస్ట్‌తో తోముతున్నాను, కొత్తవాటిలా మెరుస్తాయి.

నగలు బాగుచేసే పనివాడు:

మెరుస్తాయమ్మా, అరిగి మెరుస్తాయి. పేస్టులో పళ్లు తోమడానికి వేసే గరుకు పొడి ఉంటుంది, బంగారం గట్టిదనం 3 దాటదు. మీ గాజుల మీది చెక్కడం మొదట్లో ఉన్నంత లోతుగా ఉందేమో పాత ఫొటోతో పోల్చి చూడండి. రాళ్లు లేని బంగారానికైనా, వజ్రాలకైనా గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల మెత్తటి సబ్బు, పసిపిల్లల బ్రష్షు చాలు. వజ్రానికి జిడ్డు ఇట్టే పడుతుంది. ముందు కన్నా వెనకవైపు ఎక్కువ కడగాలి, అక్కడ మూసుకుపోతేనే వెలుగు పోతుంది. కడిగేటప్పుడు కింద గిన్నె పెట్టుకోండి, సింకులో వద్దు. ఎందుకో చెప్పక్కర్లేదనుకుంటా.

అమ్మగారి హారాన్ని మాత్రం నీళ్లలో ముంచకూడదు. వేలాడే ముత్యాలకి చాలాసార్లు సగం దాకే రంధ్రం చేసి, సన్నటి మేకుకి జిగురుతో అంటిస్తారు. నానితే ఊడతాయి. రాళ్ల వెనక రేకు పెట్టి కట్టినవైతే నీళ్లు లోపలికెళ్లి రేకు నల్లబడుతుంది, అది మళ్లీ బాగుచేయడం నా వల్ల కూడా కాదు. మెత్తటి గుడ్డ కొంచెం తడిపి తుడిచి, ఆరనివ్వండి. అంతే.

పెళ్లికూతురి అక్క:

కిందటి వారం ఒక శుభకార్యానికి అమ్మ పాత గొలుసు పెట్టుకుంది. మెడ మీద నల్లటి చార పడింది. బంగారం కల్తీదా అని ఇంట్లో ఒకటే గోల.

నగలు బాగుచేసే పనివాడు:

ఆ రోజు మెడకి పౌడరు, మేకప్ వేసుకున్నారా? అందులో ఉండే జింక్ ఆక్సైడ్ లాంటి పొడులు బంగారం కన్నా గట్టివి. అవి రాసుకుని బంగారం నలుసులు రాలతాయి, అంత సన్నటి నలుసులు చర్మం మీద నల్లగానే కనపడతాయి. కల్తీ అని తేల్చాలంటే పరీక్ష చేయించాలి, చారని చూసి కాదు. బంగారం మీద తెల్లటి మచ్చ వస్తే మాత్రం ఊరుకోకండి, అది పాదరసం పని కావచ్చు. కొన్ని చర్మం తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉంటుంది, నగ సంగతి తర్వాత, ముందు ఆ క్రీము పారేయాలి.

పెళ్లి రోజుకి కూడా ఇదే వర్తిస్తుంది. మేకప్, హెయిర్ స్ప్రే, సెంటు అన్నీ అయ్యి, ఒక పది నిమిషాలు ఆరాక నగలు. ముత్యాల హారం అన్నిటికన్నా చివర పెట్టాలి, ఇంటికి రాగానే అన్నిటికన్నా ముందు తీయాలి. ముత్యం ప్రధానంగా సున్నం జాతి పదార్థం, సెంటూ చెమటా దాన్ని మెల్లగా తినేస్తాయి. ఆ రాత్రి ఎంత అలసిపోయినా హారాన్ని తడిగుడ్డతో ఒకసారి తుడిచే పని ఎవరికైనా అప్పజెప్పండి, పెళ్లికూతురికి కాదు.

కిందటేడు పెళ్లయినామె:

దాచేటప్పుడు నేను చేసిన తప్పు కూడా చెప్తా. అన్నీ ఒకే డబ్బాలో వేశాను. వజ్రం ఉంగరం పక్కనున్న గాజుని, ముత్యాల దిద్దుల్ని గీకేసింది. ఇప్పుడు ప్రతిదానికి విడివిడిగా మెత్తటి సంచి.

నగలు బాగుచేసే పనివాడు:

మంచి మాట. ముత్యాల సంచి గుడ్డదై ఉండాలి, గాలాడని ప్లాస్టిక్ కవరు కాదు. మరీ పొడిగా ఉంటే ముత్యానికి పగుళ్లొస్తాయి, లాకర్లో ఏళ్ల తరబడి మర్చిపోవద్దు. వెండి నగలుంటే వాటికి రబ్బరు బ్యాండ్లు చుట్టకండి. రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. ప్రతి నగకీ ముందూ వెనకా ఫొటో తీసి, బిల్లు ఫొటోతో కలిపి ఒకచోట ఉంచండి, పోయినప్పుడు గానీ దాని విలువ తెలీదు.

పెళ్లికూతురి అక్క:

అందరూ చెప్పినట్టే చేశాం. చెల్లి బుట్టలు గంట పెట్టుకుందామనుకుంది, నలభై నిమిషాలకే తీసి పక్కన పడేసింది. హారం వెనక రింగు చూస్తే నిజంగానే వెంట్రుకంత సన్నగా ఉంది, దుకాణం వాళ్లే మందం రింగు వేసి ఇస్తామన్నారు. రాళ్ల ట్రీట్‌మెంట్ బిల్లు మీద రాయమంటే మొదట నసిగారు, తర్వాత రాశారు: పచ్చలకి నూనె పట్టించారట, కెంపులకి ఏమీ లేదట. ఆఖరికి అమ్మ హారం, దానికి చిన్న 22 క్యారెట్ల దిద్దులు. వజ్రాల నెక్లెస్ తర్వాతెప్పుడో చెల్లి తన జీతంతో కొనుక్కుంటుందట, పల్లాడియంది. నా పూత సెట్ నేనే పెట్టుకుంటున్నాను, నా చెవులకి ఏమీ కాదు లెండి.

ఒక్కటే అనుమానం మిగిలింది. రింగు మార్చేటప్పుడు నిప్పు పెడతారు కదా, ముత్యాలకి ఏమైనా అవుతుందా?

నగలు బాగుచేసే పనివాడు:

అడిగి మంచి పని చేశారు. మంట తగిలితే ముత్యం మాడుతుంది, పచ్చ పగులుతుంది. లేజర్‌తో టంకం పెట్టే చోటుందేమో అడగండి, అందులో వేడి పక్కకి పాకదు. లేకపోతే ముత్యాలు విప్పి, రింగు వేశాక మళ్లీ కట్టమనండి. ఇచ్చేముందు ముత్యాలు లెక్కపెట్టి రసీదు మీద అంకె రాయించుకోండి.