యూరిక్ యాసిడ్ ఉంటే కందిపప్పు మానేయాల్సిందేనా?

కందిపొడి: మా ఆయనకి 44 ఏళ్లు. పోయినవారం అర్ధరాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచిపోయి, దుప్పటి తగిలినా కేక పెట్టారు. యూరిక్ యాసిడ్ 8.4. కందిపప్పులో ప్యూరిన్లు ఉంటాయి, మాన్పించు అంటోంది మా ఆడపడుచు. పప్పు లేకుండా మా ఇంట్లో భోజనమే లేదు. నిజంగా మానాలా?

గోదారోడు: మానాల్సిందే. ప్యూరిన్లు విరిగితేనే యూరిక్ యాసిడ్. ఇందులో చర్చేముంది?

పాత_లెక్చరర్: ఉందండీ. ప్యూరిన్లంటే పప్పులో దాక్కున్న విషం కాదు. మన డీఎన్‌ఏలోని ఎడినిన్, గ్వానిన్ ప్యూరిన్లే. కణానికి శక్తినిచ్చే ఏటీపీలో ఉన్నదీ ఎడినినే. పాత కణాలు పోయినప్పుడు ఇవి హైపోజాంథిన్, జాంథిన్ మీదుగా యూరిక్ యాసిడ్ అవుతాయి. చాలా జంతువులకి దాన్ని ఇంకా విరిచే యూరికేజ్ అనే ఎంజైమ్ ఉంది, మనకి లేదు. రోజూ తయారయ్యేదాంట్లో సుమారు మూడింట రెండు వంతులు ఒంట్లోదే, తిండిది మూడో వంతు. అమెరికాలో 47 వేలకు పైగా మగవాళ్లని 12 ఏళ్లు గమనించి 2004లో ఒక అధ్యయనం వేశారు. మాంసం, సముద్రపు చేపలు ఎక్కువ తిన్నవాళ్లకి గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల కీళ్లకి వచ్చే ఇలాంటి వాపు జబ్బు) పెరిగింది. ప్యూరిన్లున్న బఠాణీ, చిక్కుడు, పాలకూర లాంటివాటితో పెరగలేదు.

గోదారోడు: మూడో వంతని మీరే అన్నారు. మూడో వంతు తక్కువా?

ఫిల్టర్‌కాఫీ: కెఫీన్ కూడా ప్యూరిన్ జాతేనట. కాఫీ కూడా పారబోయాలా సార్ :)

పాత_లెక్చరర్: తాగండి. కెఫీన్ విరిగినా మామూలు యూరిక్ యాసిడ్ కాదు.

గోదారోడు: కాఫీ సంగతి ఎవరడిగారు? మూడో వంతు సంగతి చెప్పండి.

పాత_లెక్చరర్: ఆ వంతంతా పప్పుదేనా? లివరు, బీరు, కూల్‌డ్రింకులు ఎక్కడికి పోయాయి? చక్కెరలోని ఫ్రక్టోజ్ కాలేయంలో ఏటీపీని గబగబా ఖర్చు పెట్టిస్తుంది, అదీ యూరిక్ యాసిడే అవుతుంది. పైగా చాలామందిలో అసలు లోపం కిడ్నీలు సరిగ్గా బయటికి పంపకపోవడం.

మందులషాపు: యూరిక్ యాసిడ్ తగ్గించే మాత్ర అల్లోప్యూరినాల్ కూడా ప్యూరిన్ పోలికే. యూరిక్ యాసిడ్‌ని తయారుచేసే జాంథిన్ ఆక్సిడేజ్ ఎంజైమ్ దాన్ని పట్టుకుని ఇరుక్కుపోతుంది. ఆ మందు వెనకున్న ఎలియన్, హిచింగ్స్‌లకి 1988లో నోబెల్ వచ్చింది.

గోదారోడు: నోబెల్ మా అన్నయ్యకి చెప్పండి. 'అంతా ఒంట్లోంచే వస్తుందట' అని మీలాంటి వాళ్ల మాట పట్టుకుని ఆదివారం మటన్, బీరు మానలేదు, మాత్రే మానేశాడు. ఇప్పుడు మోచేతి మీద సుద్ద గడ్డలు. కర్ర లేనిదే లేవడు.

పాత_లెక్చరర్: మాత్ర మానమని నేనెక్కడ అన్నాను?

గోదారోడు: అనక్కర్లేదు. జనం చెవికి అలాగే వినపడుతుంది.

పాత_లెక్చరర్: అయితే నాకేం వినపడిందో కూడా చెప్తా. మా నాన్న మాంసం ముట్టలేదు, మందు వాసన ఎరగడు. గౌట్ అనగానే చుట్టాలు 'ఎక్కడ తాగొచ్చావ్' అన్నట్టు చూశారు. పప్పు, పాలకూర, టమాటా అన్నీ మాన్పించాం. మనిషి చిక్కి సగమయ్యాడు, 8.9 కాస్తా 8.1 అయింది, అంతే. మాత్ర మొదలెట్టాకే 6 లోపుకి వచ్చింది. ఆ ఏడాదంతా మా అమ్మ వడ్డించిన పప్పు గిన్నె వైపు దొంగలా చూసేవాడు.

గోదారోడు: తప్పు మీ నాన్నగారిదని నేననలేదండీ.

పాత_లెక్చరర్: 'మానాల్సిందే' అన్న మాటలో అదే ఉంది.

కందిపొడి: అయ్యా, ఇద్దరూ ఆగండి. ఇదంతా ఆయనకి చదివి వినిపించాను. పప్పు మాట ఎత్తలేదు. 'ఫ్రిజ్‌లో బీరు సీసాల సంగతి అక్కడ రాశావా' అని అడిగారు.