అప్‌డేట్: ఫుల్‌హామ్ అభిమానుల గ్రూపులో చేరాను

పోయిన నెల అడిగాను కదా, డాలస్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, లండన్‌లో ఉండే మా బావ వాళ్ల ఫుల్‌హామ్ (అక్కడి ఫుట్‌బాల్ క్లబ్) అభిమానుల వాట్సాప్ గ్రూపులో చేరితే నవ్వుతారేమో అని. చేరాను. నవ్వారు.

మొదటి రోజే అలవాటుకొద్దీ ఫుట్‌బాల్‌ని 'సాకర్' అనేశాను. అరగంట ఆడుకున్నారు. ఆ మాట పుట్టింది మీ ఇంగ్లండ్‌లోనే, 'అసోసియేషన్'లోంచి వచ్చిందే అన్నాను. ఇంకా రెచ్చిపోయారు. వాదనకు దిగొద్దని మీలో ఒకరు ముందే చెప్పారు, వినాల్సింది.

నిజానికి వీళ్లకి అమెరికన్లు కొత్తేం కాదు. వాళ్ల క్రేవెన్ కాటేజ్ స్టేడియంలో ఒక బార్‌కి, ఈ క్లబ్‌కి ఆడిన అమెరికన్ బ్రయాన్ మెక్‌బ్రైడ్ పేరే పెట్టుకున్నారు. 2010లో ఇటలీ క్లబ్ యువెంటస్ మీద ఇంకో అమెరికన్ ఆటగాడు క్లింట్ డెంప్సీ గోల్‌కీపర్ తల మీదుగా బంతి లేపి కొట్టిన గోల్ గురించి ఒక పెద్దాయన ఇప్పటికి మూడు వాయిస్ మెసేజ్‌లు పెట్టాడు. మూడోదాంట్లోనూ గొంతు వణికింది.

తమాషా ఏంటంటే, శనివారం మధ్యాహ్నం మూడింటి మ్యాచ్‌లు ఇంగ్లండ్‌లో టీవీలో లైవ్ రావు. నాకేమో ఇక్కడ ఉదయం తొమ్మిదింటికి వస్తాయి. టికెట్ దొరకనివాళ్లకి ఇడ్లీ తింటూ స్కోరు చెప్పేది ఇప్పుడు నేనే. మొన్న వాళ్లలా 'నిల్-నిల్' అనకుండా 'జీరో-జీరో' అని పెట్టాను. దానికింకో అరగంట.