రేజర్ క్లామ్‌ల తవ్వకంలో ‘మొదటి 15’ నియమం కొత్తవారికి న్యాయమేనా?

రెడ్మండ్ నివాసి:
వాషింగ్టన్ రాష్ట్రపు పసిఫిక్ తీరంలో, లాంగ్ బీచ్, ట్విన్ హార్బర్స్ వంటి చోట్ల, రేజర్ క్లామ్‌లను (ఇసుకలో బతికే, తినదగిన పొడవాటి గుల్ల జీవులను) మనిషికి రోజుకు 15కు మించి తీసుకోకూడదనీ, చిన్నవైనా, గుల్ల పగిలినవైనా తవ్విన మొదటి 15నూ ఉంచుకునే తీరాలనీ నియమం. కొత్తగా పార పట్టినవారికి ఎక్కువగా చితికినవే దక్కుతాయి కనుక ఇది అనుభవజ్ఞుల పక్షాన ఉన్న నియమమని నా వాదన. అదే రాష్ట్రంలోని సముద్రపాయ ప్యూజెట్ సౌండ్‌లో, ఒకటిన్నర అంగుళం లేని మనీలా క్లామ్ అనే మరో రకాన్ని తిరిగి ఇసుకలో పెట్టమంటారు. ఇక్కడ ఆ వెసులుబాటు ఎందుకు లేదు?

టకోమా గోదావరి:
మీ పోలికలోనే సమాధానం ఉందండి. మనీలా క్లామ్ గుల్ల దళసరిగా ఉంటుంది, పైగా అది కొద్ది అంగుళాల లోతులోనే బతుకుతుంది కాబట్టి, తీసి మళ్లీ కప్పినా తట్టుకుంటుంది. రేజర్ క్లామ్ గుల్ల పలుచన, పెళుసు. పారదెబ్బకు చిట్లినదాన్నీ, ఇసుకలోకి తవ్వుకుపోయే కండ అయిన పాదం తెగినదాన్నీ తిరిగి గుంటలోకి నెడితే చాలావరకు చచ్చిపోతాయి. వదిలేసే వీలుంటే, పెద్దవాటి కోసం జనం ఎన్ని తవ్వి పారేస్తారో ఊహించండి. ఇంతకీ 15 గరిష్ఠ పరిమితి మాత్రమే. అయిదింటితో ఆగిపోతే ఎవరూ తప్పుపట్టరు.

ఒలింపియా పాఠకుడు:
నియమం సరైనదే, కానీ కొత్తవారి చేతికి ముందుగా పార ఇవ్వడమే పొరపాటు. పారకు బదులు క్లామ్‌లను తీసే గొట్టాన్ని, క్లామ్ ఉన్నచోట ఇసుకపై కనిపించే చిన్న గుంట మీద మధ్యగా ఉంచి, పైభాగాన్ని ఇసుకదిబ్బల వైపు కొద్దిగా వంచి దింపి, గొట్టానికి ఉన్న గాలి రంధ్రాన్ని వేలితో మూసి పైకి లాగితే గుల్లలు తక్కువగా పగులుతాయి. సాధారణంగా పెద్ద గుంట కింద పెద్ద క్లామ్ ఉంటుంది కనుక, ఎంపికేదో తవ్వక ముందే చేసుకోవాలి. అన్నట్టు, కుటుంబమంతా ఒకే బకెట్‌లో వేయడం కూడా నిషిద్ధం. ఎవరి పాత్ర వారికి ఉండాలి.

రెడ్మండ్ నివాసి:
గుల్ల పెళుసుదనం గురించిన వాదనను అంగీకరిస్తున్నాను. అయితే గుంట చూసి ఎంచుకోవడం పగటిపూట సాధ్యం గానీ, శరదృతువులోనూ శీతాకాలంలోనూ తవ్వకానికి అనువైన ఆటు (సముద్రం వెనక్కి తగ్గే సమయం) సాయంత్రం, తరచుగా చీకటి పడ్డాకే వస్తుంది. లాంతరు వెలుగులో కొత్తవారికి ఏ గుంట ఏమిటో తెలియదు. పైగా క్లామ్‌లలో చేరే డోమోయిక్ ఆమ్లం అనే విషం కోసం చేసే పరీక్షలు ముగిశాకే తవ్వకం తేదీలు ఖరారవుతాయి, ఆ విషం వండినా పోదు కనుక ఆ విషయంలో తొందరపడమని నేను అనను. కాబట్టి నియమం మార్చకపోయినా, మొదటిసారి వెళ్లేవారిని వసంతకాలపు ఉదయపు ఆటుకే రమ్మని మనవాళ్లు సలహా ఇవ్వడం మేలు.