చర్చ: మోసపోయిన మనిషికి ‘అనువైన లక్ష్యం’ సిద్ధాంతం చెప్పొచ్చా?

బెజవాడ_కౌన్సెలర్:
పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించే ‘డిజిటల్ అరెస్ట్’ మోసంలో డబ్బు పోగొట్టుకున్న రిటైర్డ్ మాస్టారు ఒకాయన నా దగ్గరికి వస్తున్నారు (వివరాలు మార్చాను). రెండు రోజులు వీడియో కాల్ ఆపనివ్వకుండా గదిలో కూర్చోబెట్టారట. ఇప్పుడు ఫోన్ మోగితే చేతులు వణుకుతాయి. నేరం జరగాలంటే మూడు కలవాలని 1979లో అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు కోహెన్, ఫెల్సన్ చెప్పారు: చేయాలనుకునేవాడు, అనువైన లక్ష్యం, అడ్డుపడే మనిషి లేకపోవడం. ఇది విడమరిచి చెబితే ‘నా బుద్ధి గడ్డి తింది’ అని కుమిలిపోవడం తగ్గుతుందని నా నమ్మకం.

నైట్‌డ్యూటీ_డాక్టర్:
ఒప్పుకోనండీ. అది నేరాలు ఎందుకు పెరుగుతున్నాయో లెక్కగట్టడానికి పుట్టిన సిద్ధాంతం. ‘అనువైన లక్ష్యం’ అంటే ఆయన చెవికి ‘తేరగా దొరికావు’ అనే వినిపిస్తుంది. నేర బాధితుల గురించి చదివే ఈ శాస్త్రానికి పాత మచ్చ కూడా ఉంది. ఫిలడెల్ఫియా హత్యల్లో సుమారు నాలుగో వంతు కేసుల్లో చనిపోయినవాళ్లే ముందు చెయ్యి చేసుకున్నారని 1958లో నేరశాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ రాశాడు. ఆయన శిష్యుడు అమీర్ 1971లో అదే కొలత అత్యాచారాలకు పెట్టి నానా తిట్లూ తిన్నాడు.

బెజవాడ_కౌన్సెలర్:
నేను తప్పు పట్టమనడం లేదు కదా సార్. ‘నేను చేసిన పని తప్పు’ అనుకునేవాళ్లు ‘నేనే పనికిరానివాణ్ణి’ అనుకునేవాళ్ల కంటే తేలిగ్గా తేరుకుంటారని మనస్తత్వవేత్త జానాఫ్-బుల్మన్ అన్నది.

నైట్‌డ్యూటీ_డాక్టర్:
1990లో ఫ్రేజియర్ అనే మరో పరిశోధకురాలు అత్యాచార బాధితుల్లో చూస్తే, తమను తాము నిందించుకునే ఆ రెండు రకాలూ కుంగుబాటుతోనే ముడిపడి ఉన్నాయి.

గుంటూరు_అమ్మాయి:
మా నాన్నకీ ఇదే జరిగింది. అన్నయ్య అన్న మొదటి మాట ‘ఎలా నమ్మావు నాన్నా?’ కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేసరికి మర్నాడైంది. కౌన్సెలర్ మేడమ్ ఏ సిద్ధాంతమూ ఎత్తలేదు. ‘ఒకసారి మోసపోయినవాళ్లకే మళ్లీ ఫోన్లు వస్తాయి. అప్పుడు పక్కన ఎవరుంటారు?’ అని అడిగారంతే. మూడు వారాలకి ‘పోయిన డబ్బు ఇప్పిస్తాం, ఫీజు కట్టండి’ అని కాల్ రానే వచ్చింది. నాన్న మాట్లాడకుండా ఫోన్ నా చేతిలో పెట్టారు.

నైట్‌డ్యూటీ_డాక్టర్:
సిద్ధాంతంలో ఆ మూడో ముక్క, అడ్డుపడే మనిషి గురించినది, వాడితే నాకు అభ్యంతరం లేదు. అదీ మీ మాస్టారికి నిద్ర పట్టడం మొదలయ్యాకే.

బెజవాడ_కౌన్సెలర్:
మా మాస్టారి భార్య పోయారు, కొడుకు డాలస్‌లో. పక్కన ఎవరుంటారని అడగను?

గుంటూరు_అమ్మాయి:
పక్కింటివాళ్లు?

బెజవాడ_కౌన్సెలర్:
వాళ్లకి తెలిస్తే పరువు పోతుందనే కదమ్మా ఆయన తలుపేసుకున్నది.