కర్నూలు నడిబొడ్డున ఉన్న ప్రభుత్వ స్థలాల్లో పేదలకు అద్దె ఇళ్లు కట్టాలా?

బుధవారపేట నుంచి (చర్చ ప్రారంభం):

1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు ఉద్యోగుల వసతి కోసం ఏ, బీ, సీ క్యాంపులు వెలిశాయి. 1956లో రాజధాని హైదరాబాదుకు తరలిపోయినా ఆ స్థలాలు ఊరి నడుమనే ఉన్నాయి. అక్కడ పాడుబడిన క్వార్టర్లను తొలగించి, పెద్దాసుపత్రిలోనూ మార్కెట్లలోనూ ఇళ్లలోనూ పనిచేసే పేద కుటుంబాలకు తక్కువ అద్దెకు ఇళ్లు కట్టించాలని నా అభిప్రాయం. సభ్యులు ఏమంటారు?

కల్లూరు నుంచి:

నేను ఒప్పుకోలేను. అద్దె ఇల్లు ఎన్నేళ్లున్నా అద్దె ఇల్లే. 2020 డిసెంబర్ 25న మొదలైన ఇళ్ల పట్టాల పథకంలో పట్టణ పేదలకు దక్కింది సెంటు స్థలమే అయినా పట్టా ఇల్లాలి పేరున వచ్చింది. ఆపదలో ఆ కాగితమే కుటుంబానికి ఆధారం. ఊరి మధ్య స్థలాన్ని వేలం వేస్తే వచ్చే సొమ్ముతో శివారులో ఎంతోమందికి సొంత ఇల్లు ఇవ్వవచ్చు. పైగా 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది కాబట్టి దూరభారమూ తగ్గింది.

బుధవారపేట నుంచి:

పట్టా విలువను నేను కాదనడం లేదు, ముఖ్యంగా ఆడవారి పేరున వచ్చిన పట్టాను. అయితే ఆ సెంటు స్థలం ఎక్కడుందన్నది చూడాలి. నాలుగిళ్లలో పాచిపని చేసే ఆమె ఉదయం రెండిళ్లు, సాయంత్రం రెండిళ్లు చూసుకుని, మధ్యాహ్నం ఇంటికి వచ్చి పిల్లలకు అన్నం పెడుతుంది. శివారుకు మారితే బస్సుకు డబ్బు కట్టకపోయినా ఆ మధ్యాహ్నం ఆమెకు దక్కదు, చివరికి రెండిళ్ల పని వదులుకుంటుంది. తెల్లవారకముందే మార్కెట్టుకు చేరవలసిన హమాలీకి ఆ వేళకు బస్సే ఉండదు. 1985లో బొంబాయి ఫుట్‌పాత్ నివాసుల విషయమైన ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు, తొలగింపులను పూర్తిగా ఆపకపోయినా, జీవించే హక్కులో జీవనోపాధి కూడా భాగమేనని స్పష్టం చేసింది. పేదలు పని దొరికే చోటును వెతుక్కునే నివాసం ఏర్పరచుకుంటారు.

ఇక లెక్క చూద్దాం. ఎకరానికి వంద సెంట్లు. సగం రోడ్లకూ ఖాళీకీ పోతే సెంటు చొప్పున 50 కుటుంబాలకు సరిపోతుంది. అదే సగం స్థలంలో టిడ్కో ఇళ్ల (పట్టణ పేదలకు ప్రభుత్వ సంస్థ కట్టించిన అపార్టుమెంట్ల) మాదిరిగా నాలుగు అంతస్తులు లేపి, మెట్లకూ గోడలకూ నాలుగో వంతు తీసివేసినా, 430 చదరపు అడుగుల ఇళ్లు దాదాపు 150 వస్తాయి. కాబట్టి నడిబొడ్డున ఉన్న కొద్దిపాటి స్థలాన్ని తక్కువ చేసి చూడకూడదు. వేలంలో ఒకసారి పోయిన స్థలాన్ని ఏ ప్రభుత్వమూ మళ్లీ కొనజాలదు. 2024 సెప్టెంబర్‌లో మొదలైన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన రెండో దశలో అద్దె ఇళ్లకు ప్రత్యేక విభాగం ఉంది కాబట్టి ఇది కొత్తగా కనిపెట్టవలసిన మార్గం కూడా కాదు.

పాతబస్తీ నుంచి:

ఒక్క మాట. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచెత్తినప్పుడు మా వీధుల్లో ఎవరికీ ఏమీ మిగలలేదు. ఊరి వెలుపల జగన్నాథగట్టు గుట్ట మీద కట్టిన టిడ్కో ఇళ్లకు ఆ భయం లేదు. నది పక్కన మళ్లీ పేదలనే పెట్టడం న్యాయమా?

బుధవారపేట నుంచి:

న్యాయం కాదు. హంద్రీ గట్ల వెంబడి ఉన్నవారికే ఈ అద్దె ఇళ్లలో మొదటి హక్కు ఉండాలి. 2009లో నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో ఊరికి తెలుసు; ఆ మట్టానికి పైన ఉన్న ప్రభుత్వ స్థలాలనే ఎంచుకోవాలి, పల్లం తప్పనిసరైన చోట కింది అంతస్తును ఖాళీగా వదలాలి. జగన్నాథగట్టు మీది ఇళ్లకు వెళ్లాలనుకునేవారు వెళ్లవచ్చు. ఊళ్లో పని ఉన్నవారికి మాత్రం ఊళ్లోనే ఉండే దారి చూపమని అడుగుతున్నాను. అద్దె ఎంత ఉండాలి, బకాయి పడినవారిని ఏం చేయాలి, మరమ్మతులు నగరపాలక సంస్థ చూడాలా లేక నివాసుల సంఘం చూడాలా అన్న వాటిపై కల్లూరు సభ్యులు తమ అభ్యంతరాలు చెబితే చర్చ అక్కడి నుంచి సాగించవచ్చు.